పురిటికొచ్చిన నత్తకొంగలు

వారం గడిచినా ఆ పడవ పంకా మోత నా చెవుల్లోంచి పోలేదు. అన్నం తింటుంటే వినిపిస్తోంది, స్నానం చేస్తుంటే వినిపిస్తోంది. మా ఆవిడ మిక్సీ వేసేముందు ఇప్పుడు నాకు చెప్పి మరీ వేస్తోంది. టాటానగర్ రైల్వే యార్డులో దాదాపు నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడి బతికినవాణ్ణి. మోత నాకు కొత్త కాదు. కానీ ఈ మోత వెనకాల ఇంకో మోత ఉంది. దాన్ని నలభై అయిదేళ్ళుగా వినకుండా తప్పించుకుని తిరిగాను. ఈ జ్ఞాపకాల్లో ఇంతవరకూ మా క్వార్టర్ల గురించి, పట్టాలు మార్చే పాయింట్స్‌మేన్‌గా నాన్న ఉద్యోగం గురించి, అమ్మ చేతి వంట గురించి రాశాను. చదివినవాళ్ళు బాగుందన్నారు. ఒక్క వానాకాలాన్ని మాత్రం రాయకుండా దాటేశాను. దాటేసిన సంగతి నాకొక్కడికే తెలుసు గనక ఎవరూ అడగలేదు.

మా అప్ప పైడమ్మ నాకంటే నాలుగేళ్ళు పెద్దది. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. పెళ్ళయి పలాస వెళ్ళింది, బావ పోయినా అక్కడే ఉంటోంది. ఈమధ్య రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. మా అమ్మాయి సునీత తనకి తెలిసిన డాక్టరు ఉన్నాడని పట్టుబట్టి అప్పని జంషెడ్‌పూర్ రప్పించి, కద్మాలో తన ఇంట్లో పెట్టుకుంది. గోవింద్‌పూర్‌లో మా ఇంటికి కూడా రమ్మని నేను మూడు రోజులు వరసగా వెళ్ళి అడిగాను. అప్ప నా ఇంట్లో ఒక్క పూట అన్నం తిని నలభై అయిదేళ్ళయింది. నాన్న పోయినప్పుడు వచ్చింది, అమ్మ పోయినప్పుడు వచ్చింది. రెండుసార్లూ పక్కింట్లో తిని, పక్కింట్లో పడుకుని, పదకొండో రోజు రైలెక్కింది. అందరూ అలవాటు పడిపోయారు. పైడమ్మకి తమ్ముడితో ఏదో ఉందిలే అనుకుని ఊరుకున్నారు.

"నాలుగు రోజులు మా ఇంట్లో ఉండప్పా," అన్నాను మూడో రోజు.

"మీ ఇంటికొచ్చి ఏటి సేత్తాన్రా సిమ్మాద్రీ? ఇక్కడ బాగానే ఉన్నాది గదా."

"నా తృప్తి కోసం."

"నీ తృప్తి," అని నవ్వింది.

అప్పుడే నాకా ఆలోచన వచ్చింది. ఊరికి కొంత దూరంలో డ్యాము వెనకాల నీళ్ళు నిలిచిన పల్లంలో ఎవరో కొత్తగా పంకా పడవ నడుపుతున్నారని, తోడు మనిషి ఉండి పిట్టల్ని చూపిస్తాడని ఫోన్లో చూశాను. ఆ ఫోటోల్లో ఉన్నవి నత్తకొంగలు. బూడిద తెలుపు ఒళ్ళు, నల్ల రెక్కలు, మూసినా మధ్యలో సందు మిగిలే ముక్కు. "అవే పిట్టలప్పా," అన్నాను. "మనింటి దగ్గర ఉండేవే. ఈ ఏడు గూళ్ళు పెట్టాయట."

అప్ప మంచం మీద లేచి కూర్చుంది. "నిజమేట్రా?"

"నిజం."

"అయితే ముందు అయి సూపించు. సూసినాక మీ ఇంటికి వత్తాను."

ఆ మాట ఇచ్చేసింది. నేను ఆ సాయంత్రమే మా ఆవిడకి చెప్పి పక్కబట్టలు ఉతికించాను. ఆదివారం పొద్దున్న పిట్టల్ని చూడడం, మధ్యాహ్నం అప్ప మా ఇంట్లో అన్నం తినడం. అంతా కుదిరిపోయినట్టే అనిపించింది.

ఇక్కడ ఆగి ఆ పాత వానాకాలం సంగతి చెప్పాలి. చెప్పకపోతే పడవలో జరిగింది ఎవరికీ అర్థం కాదు.

మా క్వార్టర్ల ఆఖరి వరసకీ, బొగ్గు వ్యాగన్లు నిలిపే సైడింగు పట్టాకీ మధ్య మూడు చింతచెట్లుండేవి. వాటి పక్కన పల్లం. ఇంజన్లకి నీళ్ళు పట్టే గొట్టం నుంచి రాత్రీ పగలూ నీళ్ళు కారి ఆ పల్లంలోకి చేరేవి. వానాకాలంలో అది ఒక చిన్న చెరువు. తుంగ మొలిచేది, నత్తలు పుట్టేవి. టెక్కలి వైపు మా అమ్మ పుట్టిన ఊళ్ళో ఇలా ఎప్పుడూ నీళ్ళు నిలిచే పల్లాన్ని బీల అంటారు. అమ్మ ఈ మురుగునీటి గుంటని కూడా బీల అనే అనేది. నత్తల కోసం ఆషాఢంలో కొంగలు వచ్చేవి, చింతచెట్ల మీద గూళ్ళు కట్టేవి. చెట్టుకి ముప్పై నలభై గూళ్ళు. ఆ నాలుగు నెలలూ మా వరస అంతా కొంగల రెట్ట వాసన, కుళ్ళిన నత్తల వాసన, దాని మీద బొగ్గుపొగ.

అమ్మకి మాత్రం ఆ వాసన పుట్టిల్లే. వాళ్ళ ఊళ్ళో ఆ కొంగల్ని పురిటికొచ్చిన ఆడపిల్లలు అంటారు. గూడు కట్టిన రోజు నుంచి పిల్లలు ఎగిరిపోయేవరకూ ఆ చెట్ల దగ్గర డప్పు కొట్టరు, టపాకాయ కాల్చరు. పెళ్ళి ఊరేగింపైనా సరే, ఆ మలుపు దగ్గర సన్నాయి ఆపి నడుస్తారు. అమ్మ ఆ పద్ధతిని రైల్వే క్వార్టర్లకి మోసుకొచ్చింది. మొదటి గూడు కనపడిన రోజు మూడు చెట్ల మొదళ్ళకీ పసుపు రాసి బొట్లు పెట్టేది. కడుపుతో ఉన్న కూతురికి పెట్టినట్టే చలిమిడి ముద్ద చేసి చెట్టు కింద పెట్టేది. మరుక్షణం కాకులు తినేసేవి. "తిన్నారా తల్లీ," అని పైకి చూసి అడిగేది. కూడలిలో ఎవరైనా గట్టిగా అరిస్తే వెళ్ళి, వచ్చీ రాని హిందీలో, "ధీరే బోలో బాబూ, బేటీ లోగ్ సో రహా హై," అనేది, ఆడపిల్లలు పడుకున్నారు మెల్లగా మాట్లాడమని. బీహారు వాళ్ళూ, ఒడియా వాళ్ళూ నవ్వుకునేవాళ్ళు కానీ ఆమె మీద ఉన్న మర్యాద కొద్దీ గొంతు తగ్గించేవాళ్ళు.

ఆ ఏడు నాకు ఇరవై ఒకటి. పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మేన్‌గా కొత్తగా చేరాను. అప్ప తొలి చూలుకి పుట్టింటికి వచ్చి ఉంది, తొమ్మిదో నెల. ఇంట్లో అమ్మ అప్పుడే కాయానికి సిద్ధం చేస్తోంది. పురిటాలికి పెట్టే మందుముద్ద అది. సొంఠి, పిప్పళ్ళు, వాము దంచిన ఘాటుకి వీధి చివరిదాకా తుమ్ములు. చెట్ల మీద కొంగలు పిల్లల్ని పెట్టాయి. ఇంట్లో ఒక కూతురు, చెట్ల మీద నూరుమంది కూతుళ్ళు అని అమ్మ అందరికీ చెప్పుకుంది. ఆ మాట యార్డుకి చేరింది.

షంటింగ్ ఇంజను మీద బద్రీ అనే ఫైర్‌మేన్ ఉండేవాడు. నా ఈడువాడే, నోరు తిరిగినవాడు. ఒక రోజు చాయ్ తాగుతుండగా పైనుంచి రెట్ట వచ్చి వాడి భుజం మీద పడింది. అందరూ నవ్వారు. వాడు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు. "అరే సాలా సాబ్! తేరీ దీదీ నే ఆశీర్వాద్ దియా హై," అన్నాడు, మీ అక్క దీవించిందని. ఆ కొంగలు నాకు అక్కలైతే వాళ్ళంతా నాకు బావలు, నేను వాళ్ళకి బావమరిదిని. హిందీలో సాలా అంటే బావమరిదే, తిట్టూ అదే. ఆ రోజు నుంచి యార్డు మొత్తానికి నేను సాలా సాబ్‌ని. డ్యూటీకి రాగానే, "సాలా సాబ్, ఆజ్ కిత్నీ దీదియా?" అని అక్కల లెక్క అడిగేవాళ్ళు. నేను నవ్వేవాణ్ణి. నవ్వి ఇంటికొచ్చి చెట్టు మొదట్లో పసుపు చూస్తే ఒళ్ళు మండిపోయేది. బద్రీ మీద కాదు, అమ్మ మీద.

మంచు కాలంలో సిగ్నలు కనపడనప్పుడు డ్రైవరుని హెచ్చరించడానికి పట్టా మీద పెట్టే పటాకీలు మా దగ్గరుండేవి. మందు కూరిన తగరపు బిళ్ళ, రెండు పక్కలా సీసపు రెక్కలు. రెక్కల్ని పట్టాకి మడిచి పెడితే, ఇంజను చక్రం ఎక్కగానే పేలుతుంది. గడువు తీరినవి ఒక ఎర్ర డబ్బాలో విడిగా పెట్టేవాళ్ళు. ఆ డబ్బా ఒక రోజు నా చేతికొచ్చింది. పొద్దున్న పది గంటలు. అమ్మ రేషను షాపు దగ్గర వరసలో ఉంది. చింతచెట్ల ఎదురుగా సైడింగు పట్టా మీద పన్నెండు పటాకీలు వరసగా మడిచి పెట్టి, బద్రీకి చెయ్యి ఊపాను. ఇంజను నెమ్మదిగా వచ్చింది.

చాలా ఏళ్ళు నేను నాకే ఒక కథ చెప్పుకున్నాను. కంపు వల్ల అప్పకి నిద్ర లేదు, తొమ్మిదో నెల, వాటిని తోలేస్తే ఆమెకి కాస్త హాయిగా ఉంటుందని చేశాను అని. అబద్ధం. అప్ప ఒక్కసారి కూడా కంపని అనలేదు. బద్రీ నన్ను సాలా సాబ్ అనడం మానేస్తాడని చేశాను.

పన్నెండు మోతలు. నాలుగో మోతకే ఆకాశం కొంగలతో నిండిపోయింది. ఒక్కసారిగా లేచిన రెక్కలు తగిలి గూళ్ళు ఒరిగాయి. పిల్లలు రాలాయి, గుడ్లు రాలాయి. నత్తకొంగకి గొంతు ఉండదు, ముక్కులు కొట్టుకోవడమే దాని అరుపు. నూరు ముక్కులు టకటకలాడుతూ చెట్ల మీద తిరిగాయి. నేను పట్టాకి ఇవతల, చేతిలో ఎర్ర డబ్బాతో, బద్రీతో కలిసి నవ్వుతున్నాను. తల తిప్పితే అప్ప గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చెయ్యి కడుపు కింద పెట్టుకుని నన్నే చూస్తోంది.

అమ్మ వచ్చేసరికి అప్ప నిండు కడుపుతో వంగి వంగి పిల్లల్ని ఏరుతోంది. తల్లీ కూతుళ్ళిద్దరూ చేటలో వేసుకుని ఇంట్లోకి తెచ్చారు. సాయంత్రానికి ఒక్కటీ బతకలేదు. "ఎవులు సేసినారురా?" అని అడిగింది అమ్మ. "ఆఫీసరు ఆర్డరంట. ఏదో డ్రిల్లంట," అన్నాను. అప్ప అక్కడే ఉంది. నా మొహం వంకే చూసింది, నోరు విప్పలేదు. కొంగలు రెండు రోజులు చెట్ల మీద తిరిగి వెళ్ళిపోయాయి. మరుసటి ఏడు అమ్మ పసుపు కలిపి ఉంచుకుంది. అవి రాలేదు.

పదిరోజులకి అప్పకి ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. మూడో నెలలో బావ వచ్చి తీసుకెళ్తుంటే స్టేషనుకి వెళ్ళాం. అమ్మ చెంబుతో నీళ్ళు పట్టడానికి కొళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అప్ప బిడ్డని భుజం మార్చుకుని నాతో అంది: "పురిటికొచ్చినోల్ని తరిమేసిన ఇంట్లో నాను మళ్ళీ పురుడు పోసుకోన్రా. అమ్మకి నాను సెప్పలేను. ఎందుకో నువ్వే సెప్పు."

నేను చెప్పలేదు.

అమ్మకి చదవడం రాదు, నాన్నది సంతకం వరకే. మా వరసలో పిల్లలందరూ హిందీ బళ్ళకి పోయినవాళ్ళు. సాయంకాలం తెలుగు క్లాసుకి పోయి అక్షరాలు నేర్చుకున్నది అప్పా నేనే; అప్ప పెళ్ళయి వెళ్ళాక మిగిలింది నేనొక్కణ్ణే. సగం ఇళ్ళ ఉత్తరాలు నేనే రాసేవాణ్ణి, నేనే చదివి వినిపించేవాణ్ణి. అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళు. రెండో కానుపుకి అప్ప రానన్నప్పుడు అమ్మ నన్ను కూర్చోబెట్టి ఉత్తరం చెప్పింది. "నావల్ల ఏటి లోపం జరిగిందో రాయమ్మా అని రాయి. కాయం సరిగ్గా కుదర్లేదేమో, పథ్యం తప్పిందేమో, మీ అత్తోరికి సారె తక్కువైందేమో." నేను తల వంచుకుని రాశాను. ఆ వాక్యాలు తప్ప అన్నీ రాశాను. అప్ప నుంచి జవాబొచ్చింది. అందులో కింద ఒక లైను: అమ్మకి చెప్పావా, అమ్మేమంది. ఆ లైను తప్ప అన్నీ చదివాను.

ఇలా ఒక్కసారి కాదు. అడిగానని అమ్మ అనుకుంది, కూతురు జవాబివ్వలేదనుకుంది. తమ్ముడు చెప్పేసి ఉంటాడని, అంతా తెలిసి అమ్మ నోరెత్తలేదని అప్ప అనుకుంది. మధ్యలో కలం పట్టుకుని నేను కూర్చున్నాను. ఎదురుపడినప్పుడైనా అడిగి ఉంటే తేలిపోయేది. కానీ ఎదురుపడినప్పుడల్లా చుట్టూ జనం ఉండేవాళ్ళు. ఒకసారి అడిగి జవాబు రాని ప్రశ్నని మళ్ళీ అడగడానికి ఇద్దరికీ అభిమానం అడ్డొచ్చింది. అమ్మ చివరి రోజుల్లో గోవింద్‌పూర్ ఇంట్లో, వెనక గదిలో పడుకుని కూడా, "ఎందుకు రాదురా అది?" అని అడిగేది. "వాళ్ళత్తగారికి ఒంట్లో బాగోలేదంట," అనేవాణ్ణి. అత్తగారు పోయాక బావకి బాగోలేదనేవాణ్ణి.

అదీ సంగతి. ఇప్పుడు పడవ దగ్గరికి వస్తాను.

అడుగు చదునుగా ఉన్న అల్యూమినియం పడవ. వెనకాల మనిషెత్తు పంజరంలో, విమానానికుండేలాంటి పంకా. నీళ్ళలో తిరిగే మర లేదు గనక మోకాటి లోతు నీళ్ళ మీదా, తామరాకుల మీదా, బురద మీదా కూడా జారుకుంటూ పోతుంది. దాన్ని నడిపే మహతో అనే ఆయనే పిట్టల్ని చూపించే మనిషి కూడా. యాభై దాటినవాడు, మాటలో నిదానం ఉంది. "దీనికి బ్రేకులుండవు, వెనక్కి నడవదు. ఆగాలంటే ఇంజన్ బంద్," అని హిందీలో ముందే చెప్పాడు. అందరికీ చెవులకి పెట్టుకునే డిప్పలు ఇచ్చాడు. అప్ప వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కళ్ళు ఎలాగూ లేవు. సెవులు కూడా మూసేత్తే ఇంకేటి సూత్తాన్రా నాను?"

"బువా, పహన్ లో నా, ఆవాజ్ బహుత్ హై," అని, మోత ఎక్కువని సునీత తన మేనత్తకి తనే తొడిగింది. మాతో పాటు సిద్ధగోరా నుంచి వచ్చిన దంపతులు ఇంకో ఇద్దరున్నారు. డిప్పలు పెట్టుకున్న అప్పని చూసి, "అమ్మాజీ పైలట్ లగ్ రహీ హై," అని ఆయన నవ్వాడు. అప్ప కూడా నవ్వింది. చాలా ఏళ్ళ తర్వాత నా పక్కన కూర్చుని నవ్వింది.

మహతో ఇంజను వేసినప్పుడు ఆ మోత నా రొమ్ములో తగిలింది. మనుషులందరం చెవులు మూసుకున్నాం. పిట్టల చెవుల సంగతి నాకు ఆ క్షణాన తట్టలేదు. కాస్త దూరం పోయాక ఇంజను ఆపి చూపించేవాడు. తామరాకుల మీద పొడుగాటి వేళ్ళతో నడిచే పిట్ట, నీలంగా మెరిసే నీటికోళ్ళు, మోడు మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు. అప్ప ప్రతిసారీ, "ఏదిరా? ఎటేపు?" అని అడిగేది. నేను వేలు చూపించేవాణ్ణి. ఆమెకి నా వేలు మాత్రమే కనపడేది.

చివరికి నీళ్ళలో సగం మునిగిన తుమ్మచెట్ల గుంపు వచ్చింది. చెట్ల నిండా కొంగలు. మహతో చాలా ఇవతలే, ఎర్ర గుడ్డ కట్టిన కర్ర దగ్గర ఇంజను ఆపాడు. "ఘోంఘిల్. పిల్లల్ని పెట్టాయి. ఇస్సే ఆగే నహీ జాతే," అన్నాడు, నత్తకొంగల్ని అక్కడి పేరుతో పిలిచి, ఇంతకంటే ముందుకి పోకూడదని. అప్ప కళ్ళు చికిలించి చూసింది. "తెల్లగా, మసగ్గా ఏటో ఉన్నాది. బట్టలారేసినట్టు. అయేనేట్రా?"

ఆమె గొంతులో నిరాశ లేదు. సరేలే అన్నట్టుగా ఉంది. అది నేను భరించలేకపోయాను. ఆదివారం మధ్యాహ్నం భోజనం నా కళ్ళ ముందు జారిపోతున్నట్టనిపించింది. మహతోని ఇంకాస్త దగ్గరికి పోనివ్వమన్నాను. కుదరదన్నాడు. మళ్ళీ అడిగాను. "మా అక్క, డెబ్భై ఏళ్ళు, కళ్ళు కనపడవు, మళ్ళీ వస్తుందో రాదో," అన్నాను హిందీలో. రైల్వేలో పనిచేశాను, రూల్సు నాకూ తెలుసు, ఒక్క నిమిషంతో ఏమీ కాదన్నాను. సిద్ధగోరా ఆయన కూడా వంత పాడాడు. మహతో అప్ప మొహం చూశాడు. "ఠీక్ హై. ధీరే సే. ఏక్ మినట్," అన్నాడు.

దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏమీ కాలేదు. ఇంజనుని గొణుగుడు స్థాయికి తగ్గించి పోనిచ్చి, ఇరవై అడుగుల దూరంలో ఆపేశాడు. కొంగలు కదిలాయి, లేవలేదు. అప్ప డిప్పలు తీసేసింది. ముందుకి వంగింది. నా చెయ్యి పట్టుకుంది.

"ఓలమ్మ! రెక్కలు సూడ్రా. గొడుగు పట్టినట్టు పట్టినాది పిల్లలకి, ఎండ తగలకుండ. ఒకటి, రెండు... మూడు పిల్లలురా. అమ్మ ఉంటేనా..."

నా చెయ్యి వదల్లేదు. ఆ నిమిషం కోసమే బతికినట్టనిపించింది.

వెనక్కి నడవని పడవ తిరిగి రావాలంటే ఒకటే దారి, ఇంజను పెంచి అక్కడికక్కడే తిరగాలి. పడవ ముక్కు ఇటు తిరిగితే పంకా వెనక భాగం చెట్ల వైపు తిరుగుతుంది. ఇది నాకు తట్టలేదు. మహతోకి తెలుసు, అందుకే రానన్నాడు. వీలైనంత మెల్లగానే తిప్పాడు. అయినా ఆ గాలి, పంజరంలోంచి వచ్చిన ఆ గాలి, మొదటి వరస చెట్లని నీళ్ళ మీదికి వంచేసింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. పుల్లలు, ఈకలు, గుడ్లు. రెక్కలు రాని పిల్లలు గాలిలో తలకిందులుగా ఎగిరి నీళ్ళలో పడ్డాయి. సిద్ధగోరా ఆవిడ కెవ్వుమంది. సునీత రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను అప్ప వైపు చూశాను. ఆమెకి అన్నీ స్పష్టంగా కనపడి ఉండవు. కానీ డిప్పలు తీసేసి ఉంది. అంతా వింది.

మహతో ఇంజను ఆపేశాడు. తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో ముక్కుల టకటక. నేను ఆ చప్పుడు నలభై అయిదేళ్ళుగా వినలేదు. గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. నేనేం చేశానో నాకు అర్థమైంది. అప్పుడు పన్నెండు పటాకీలు కావాల్సొచ్చింది. ఇప్పుడు నాలుగు మంచి మాటలు సరిపోయాయి. అప్పుడూ అప్ప కోసమే అన్నాను. ఇప్పుడూ అప్ప కోసమే.

"దిగరా," అంది అప్ప. గట్టిగా, చిన్నప్పుడు నన్ను బడికి తరిమినట్టు. "సూత్తావేటి? దిగు."

చెప్పులతోనే దిగాను. నడుం లోతు నీళ్ళు, అడుగున బురద. మహతో అప్పటికే దిగేశాడు. ఇద్దరం వెతికాం. పడినవి ఎన్నో తెలీదు. మా చేతికి దొరికినవి అయిదు, ఊపిరి ఉన్నవి రెండు. అరచేతిలో పెడితే గుండె నా చర్మానికి కొట్టుకుంది. "ఏ గూట్లోనైనా పెట్టండి, తల్లులు కాదనవు," అని అప్ప పడవలోంచి చెబుతోంది. మహతో తుమ్మముళ్ళు గీరుకుంటుంటే చెట్టెక్కి పెట్టాడు. గద్దలు అప్పుడే తిరగడం మొదలుపెట్టాయి. ఒడ్డుకి చేరాక నేను అతనికి చేతులు జోడించాను. నేనే బలవంతం చేశాను, మీ ఆఫీసులో నా పేరే చెప్పండి అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. "గల్తీ మేరీ హై బాబుజీ. హాథ్ తో మేరా థా," అన్నాడు. తప్పు తనది, నడిపిన చెయ్యి తనది అని. వెంటనే గుడిసెలోకి వెళ్ళి, జరిగింది జరిగినట్టు ఫోన్లో పైవాళ్ళకి చెప్పడం మాకు వినిపించింది. మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు. ఒక తప్పు చేసి, దాన్ని తనదని చెప్పడానికి ఒక మనిషికి ఇంతే సమయం కావాలని నాకు అరవై ఆరో ఏట తెలిసింది.

సునీత కారు తేవడానికి వెళ్ళింది. అప్పా నేనూ సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. నా బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె నా వైపు కాస్త జరిగింది.

"ఒక్క మాట అడుగుతాన్రా. ఎప్పుడూ అడగలేదు. ఆయేల సంగతి నువ్వు సెప్పినప్పుడు అమ్మేటన్నాది?"

నేను నీళ్ళ వైపు చూశాను.

"నాతోటి ఒక్క ముక్కా అనలేదు సిమ్మాద్రీ. ఉత్తరంలోనైనా, పోనీలేమ్మా తప్పయిపోయింది, మనసులో ఎట్టుకోకు అని రాయిత్తాదని సూసినాను. కొడుకుని ఎనకేసుకొచ్చినాది, నాకేటి పోయింది అనుకున్నాను. నీతో ఏటన్నాది?"

"చెప్పలేదప్పా."

"అమ్మ నీతో ఏటీ సెప్పలేదా?"

"నేను అమ్మకి చెప్పలేదు."

ఆమె నా వైపు తిరిగింది. ఆ మసక కళ్ళతో నా మొహం వెతికింది. నేను ఆగితే ఇక చెప్పలేనని తెలిసి ఆగకుండా చెప్పేశాను. అమ్మ చెప్పిన ఉత్తరాల్లోంచి నేను తీసేసిన వాక్యాలు, ఆమె రాసిన ఉత్తరాల్లోంచి నేను చదవని లైన్లు, కాయం కుదర్లేదేమోనని అమ్మ అడిగిన సంగతి, చివరి రోజుల్లో వెనక గదిలో అడిగిన సంగతి. అప్ప మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చింది. "కాయమా?" అంది. "కాయం కుదర్లేదేమో అన్నాదా?" అవునన్నాను. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ముందుకి వంగిపోయింది. ఏడవలేదు. దెబ్బ తగిలినవాళ్ళు ఊపిరి కోసం చూసినట్టు నోరు తెరిచి కూర్చుంది. అప్పుడు తెలిసింది నాకు, నా తప్పు ఎంత పెద్దదో నాకే ఇన్నాళ్ళూ తెలీదని. నేను అప్పకి తమ్ముణ్ణి దూరం చేశాననుకున్నాను. అమ్మనే దూరం చేశాను.

కారెక్కాం. సునీతకి ఏదో జరిగిందని తెలిసింది, అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ నడిపింది. గోవింద్‌పూర్ వైపు తిరగాల్సిన చోటికి ముందు అప్ప దాని భుజం తట్టింది. "కద్మా పోనియ్యి అమ్మా," అంది.

"అప్పా..." అన్నాను.

"కోపంతో కాదురా." ఆమె గొంతు అలిసిపోయి ఉంది. "నీ ఇంటికొత్తే నువ్వు ఏడుత్తావు. నువ్వు ఏడిత్తే నాను ఓదార్చాల. నీకు ఇప్పుడు పెట్టడానికి నా దగ్గర ఓదార్పు లేదు. అమ్మ మీద నలభై ఏళ్ళు ఊరకనే కోపం ఎట్టుకున్నాను. ముందు నన్ను అమ్మ కోసం ఏడవనీ."

కద్మాలో దిగి, సునీత చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా మెట్లెక్కింది. నేను తడిబట్టలతో ఆటోలో ఇంటికొచ్చాను.

మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. లోపల పులుసు వాసన, వేపుడు వాసన. ముందుగదిలో మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. నా తడిబట్టలు చూసింది, నా వెనకాల ఖాళీ ఆటో చూసింది.

"వదినగారేరీ? ఎందుకు రాలేదు?"

ఆవిడకి ఒంట్లో బాగోలేదట అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. ఇన్నేళ్ళ అలవాటు, నన్నడక్కుండానే వస్తుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఈమెకి కూడా నేను చెప్పింది అదే. నేను గుమ్మం పక్కన తడిగానే కింద కూర్చున్నాను.

"పొయ్యి కట్టేసి వచ్చి కూర్చో," అన్నాను. "ఎందుకు రాలేదో చెబుతాను."